కొట్టని సాళ్లు ఏం చెబుతాయి? పండ్ల క్లిప్పులపై పరిశోధనల లెక్క

మా అక్క బిడ్డకు 8 ఏండ్లు. పైవరుస ముందరి పండ్లు రెండూ పొడుచుకొచ్చి, నోరు మూసినా కింది పెదవి మీద కూర్చుంటాయి. ఎండాకాలం సెలవుల్లో అక్క ఆ పిల్లను హనుమకొండలో ఒక క్లినిక్‌కు తీసుకుపోయింది. డాక్టరు చిన్న స్టీలు స్కేలు పెట్టి కొలిచి, 8 మిల్లీమీటర్లు ముందుకున్నాయన్నాడు. "ఇప్పుడే మొదలుపెడదాం, దవడ ఎదిగే వయసు ఇదే" అన్నాడు. వారం తిరక్కముందే కాజీపేట దిక్కు ఇంకో డాక్టరమ్మకు చూపిస్తే, ఆమె అదే నోరు చూసి "12 ఏండ్లు రానియ్యండమ్మా, అప్పుడు ఒక్కసారే చేద్దాం" అంది. ఇద్దరూ ఈ వైద్యంలోనే ఎం.డి.ఎస్. చేసినవాళ్లు.

రాత్రి అక్క ఫోన్ చేసింది. "ఇద్దరూ చదువుకున్నోళ్లే గదరా తమ్మీ. ఒక్క నోటికి రెండు మాటలెందుకు చెప్తరు? అండ్ల ఎవలు పైసల కోసం చెప్తున్నరు?"

ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదనే నేను అనుకుంటున్నా. ఈ ఒక్క ప్రశ్న మీద అమెరికా, బ్రిటన్‌లలో ఏండ్ల తరబడి పెద్ద పరిశోధనలు జరిగాయి. వాటి ఫలితాలను పట్టుకుని ఇద్దరు నిజాయితీపరులు రెండు దిక్కులకు పోవచ్చు. చిక్కంతా మనం అడిగే తీరులో ఉంది. క్లిప్పులు పనిచేస్తాయా అంటే, వంకర పండ్లు వరుసలోకి వస్తాయి. అందులో ఎవరికీ అనుమానం లేదు. ఎప్పుడు పెడితే మేలు, ఎంత త్వరగా అవుతుంది, ఎన్నాళ్లు నిలుస్తుంది, పండ్లు సక్కగైతే ఇంకేమన్నా బాగుపడుతుందా అన్నవి మాత్రం వేర్వేరు ప్రశ్నలు. ఒక్కోదానికి దొరికిన సాక్ష్యం ఒక్కో తీరుగా ఉంది.

పన్ను ఎట్లా జరుగుతుంది

క్లిప్పులు అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో చాలా సరుకులున్నాయి. పంటికి అంటించే చిన్న ముక్క బ్రాకెట్. బ్రాకెట్లన్నిటి గుండా పోయేది తీగ. ఈ రెండూ కలిస్తే ఫిక్స్‌డ్ బ్రేసెస్, మనం క్లిప్పులనేవి ఇవే. పిల్లలకు పైన ఒకటి, కింద ఒకటి పెట్టి, కొరికినప్పుడల్లా కింది దవడ ముందుకు జారేటట్టు చేసే ప్లాస్టిక్ దిమ్మెలు ఫంక్షనల్ పరికరాలు. అందులో పేరున్నది ట్విన్ బ్లాక్. కనిపించని పల్చటి ప్లాస్టిక్ తొడుగులు అలైనర్లు. అంతా అయినాక పండ్లను పట్టి ఉంచేవి రిటైనర్లు. పై ముందరి పండ్లకూ కింది ముందరి పండ్లకూ మధ్య ముందు వెనకల దూరాన్ని డాక్టర్లు ఓవర్‌జెట్ అంటారు. మా మేనకోడలికి కొలిచిన 8 మిల్లీమీటర్లు అదే. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి ఎవరు అర్హులో తేల్చే 5 మెట్ల కొలమానంలో ఇది నాలుగో మెట్టు. అంటే అవసరం ఉన్నట్టే లెక్క.

పన్ను ఎముకలో మేకు దిగ్గొట్టినట్టు ఉండదు. వేరు చుట్టూ పల్చటి, మెత్తటి నారల పొర ఉంటుంది. తీగ ఒక దిక్కుకు నొక్కితే, ఆ దిక్కున ఎముక కరుగుతుంది, వెనక దిక్కున కొత్త ఎముక పుడుతుంది. ఇది శరీరం తన వేగంతో చేసే పని. నెలకు అటు ఇటుగా ఒక మిల్లీమీటరు జరుగుతుంది. చోటు కోసం పీకే చిన్న దవడపన్ను వెడల్పు దాదాపు 7 మిల్లీమీటర్లు. ఆ సందు మూసుకోవడానికే 7 నెలలు కావాలి. దానికి ముందు వరుస సరిచేసే నెలలు, తర్వాత పైపండ్లూ కిందిపండ్లూ పొందిక కుదిర్చే నెలలు వేరే. 22 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2016లో తేల్చిన సగటు దాదాపు 20 నెలలు. 4 నుంచి 6 వారాలకోసారి పోవాలంటే 14 నుంచి 21 సార్లు డాక్టరు దగ్గరికి పోవాల్సి వస్తుంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత కళాశాలలో చూపించుకునేవాళ్లు పొద్దున కాజీపేటలో రైలెక్కి, పిల్లకు బడి ఎగ్గొట్టించి, అన్నిసార్లు తిరగాలి. పరిశోధనా పత్రాల్లో "హాజరైన సార్లు" అనే గడి ఒకటి ఉంటుంది. పట్టికలో అది ఉత్త అంకె.

నాలుగు సాళ్లు విడిచిపెట్టడం

పత్తికి కొత్త మందు కొట్టిన రైతు, ఈసారి ఎకరానికి రెండు క్వింటాళ్లు ఎక్కువొచ్చిందంటాడు. మందు పనిచేసిందా? ఆ ఏడు వానలు కూడా మంచిగ పడి ఉండొచ్చు. తెలియాలంటే అదే చేనులో నాలుగు సాళ్లు మందు కొట్టకుండా విడిచిపెట్టాలి. ఆ నాలుగు సాళ్లు చౌడున్న మూలకు కావాలని ఏరుకుంటే మందు గొప్పగా కనిపిస్తుంది. అందుకని చీటీ వేసి తీయాలి. వైద్య పరిశోధనల్లో యాదృచ్ఛిక నియంత్రిత పరీక్ష అని పెద్ద పేరున్నది ఈ పనికే. పిల్లలను చీటీ వేసినట్టు రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు ఇప్పుడు వైద్యం, రెండో గుంపుకు తర్వాత, లేదా వేరే వైద్యం.

పండ్ల వరుస వైద్యంలో విడిచిపెట్టిన సాళ్లు చాలాకాలం లేనే లేవు. ముందు ఫొటో, తర్వాత ఫొటో చూపించి నిరూపణ అయిందనుకున్నారు. సాక్ష్యాధార వైద్యానికి పునాది వేసినవాళ్లలో ఒకరైన డేవిడ్ సాకెట్ 1980లలో, సాక్ష్యం విషయంలో ఈ శాఖ ఆక్యుపంక్చర్, హోమియోపతి కంటే కూడా వెనకబడి ఉందని మొహం మీదే అన్నాడు. ఆ మాట డాక్టర్లకు గట్టిగానే గుచ్చుకుంది.

విడిచిపెట్టిన సాళ్లు లెక్కను ఎట్లా మారుస్తాయో కోర పన్ను కథలో చూడొచ్చు. పై కోర పన్ను మామూలుగా 11, 12 ఏండ్లకు దిగుతుంది. కొందరు పిల్లలకు అది దారి తప్పి అంగిలి వైపు పోయి ఎముకలోనే ఇరుక్కుంటుంది. దాని ముందున్న పాల కోరపన్ను ముందుగానే పీకేస్తే అసలు పన్ను దారిలోకి వస్తుందన్నది ఉపాయం. 1988లో స్వీడన్‌లో 46 కోరపండ్ల మీద దీన్ని చేసి చూస్తే 36 సక్కగ దిగాయి. నూటికి 78! ప్రపంచమంతా ఈ అంకెను ఎత్తుకుంది. అయితే అందులో పాలపన్ను పీకకుండా వదిలేసిన పిల్లల్లేరు. 2015లో అదే స్వీడన్‌లో చీటీ పద్ధతిలో మళ్లీ చేశారు. పీకిన చోట నూటికి 69 దిగాయి. పీకనిచోట, అంటే ఏమీ చేయకుండా ఊరికే చూసినచోట, నూటికి 39 వాటంతటవే దిగాయి.

రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టండి. 69లో 39 ఎట్లాగూ దిగేవే. పీకడం వల్ల అదనంగా వచ్చింది 30. వైద్యం పనిచేస్తుంది, సందేహం లేదు, కానీ దాని బలం 78 కాదు, 30. మొదటి పరిశోధకులు మోసం చేయలేదు. వాన పని కూడా మందు ఖాతాలో పడింది, అంతే.

8 ఏండ్లకా, 12 ఏండ్లకా

ఇప్పుడు మా అక్క ప్రశ్న. ఎత్తుపండ్లున్న పిల్లలకు 7 నుంచి 11 ఏండ్ల మధ్యనే ఫంక్షనల్ పరికరమో, తల వెనకనుంచి పట్టే హెడ్‌గేరో పెట్టి, 12, 13 ఏండ్లకు మళ్లీ క్లిప్పులు పెట్టడం రెండు దశల పద్ధతి. ఆగి, పాల పండ్లన్నీ ఊడినాక ఒకేసారి చేయడం ఒక దశ పద్ధతి. చిన్నప్పుడే దవడను ముందుకు జరిపితే ఎముకే ఎదుగుతుంది, తర్వాత పని తగ్గుతుంది, పండ్లు పీకే అవసరం పోతుంది అన్నది మొదటి పద్ధతి వెనకున్న నమ్మకం. వినడానికి సబబుగానే ఉంటుంది. పచ్చి కట్టెనే వంచగలం గదా.

దీన్ని తేల్చడానికి అమెరికాలో నార్త్ కరోలినా, ఫ్లోరిడా విశ్వవిద్యాలయాలూ, బ్రిటన్‌లో మాంచెస్టర్ కేంద్రంగా కొందరు డాక్టర్లూ పిల్లలను చీటీ పద్ధతిలో విడదీసి, వాళ్లు పెద్దయ్యేదాకా వెంట ఉన్నారు. బ్రిటన్ పరీక్షలో 8 నుంచి 10 ఏండ్ల పిల్లలు 174 మంది. సగం మందికి వెంటనే ట్విన్ బ్లాక్ పెట్టారు, మిగతా సగం ఆగారు. 2003లో మొదటి ఫలితాలొచ్చినప్పుడు ముందు మొదలుపెట్టినవాళ్లే గెలిచినట్టు కనిపించింది. పండ్లు వెనక్కి పోయాయి, పిల్లలకు తమ మీద తమకు నమ్మకం పెరిగింది. కానీ పండ్లు వెనక్కి పోవడంలో ఎక్కువ వాటా పండ్లు వంగడానిదే, దవడ ఎదుగుదలది తక్కువ.

ఇట్లాంటి కథ ఇక్కడే ఆపేస్తే మంచి ప్రకటన అవుతుంది. వాళ్లు ఆపలేదు. ఆగిన పిల్లలకు కూడా వయసొచ్చినాక వైద్యం చేసి, 2009లో రెండు గుంపులనూ పక్కపక్కన నిలబెట్టి చూశారు. దవడ తీరులో తేడా లేదు. పండ్లు పీకాల్సినవాళ్ల సంఖ్యలో తేడా లేదు. ఆత్మవిశ్వాసంలో తేడా మాయమైంది. ముందు మొదలుపెట్టినవాళ్లు మాత్రం ఎక్కువసార్లు తిరిగారు, ఎక్కువ కాలం పరికరాలు పెట్టుకున్నారు, ఎక్కువ ఖర్చయింది. చివరి పండ్ల పొందిక కూడా వాళ్లదే కొంచెం తక్కువగా తేలింది. అమెరికా పరీక్షలు కూడా దాదాపు ఇదే దారిన నడిచాయి. ఆగిన పిల్లల దవడలు కూడా ఆ మూడు నాలుగేండ్లలో ఎదుగుతూనే ఉన్నాయి మరి.

కాజీపేట డాక్టరమ్మ మాట వెనకున్నది ఈ సాక్ష్యం.

మరి హనుమకొండ డాక్టరు? ఆయన వైపు కూడా ఒక అంకె ఉంది. ఇట్లాంటి పరీక్షలన్నిటినీ ఒకచోట కలిపి తూచే కోక్రేన్ సంస్థ సమీక్ష 2018లో తాజా అయింది. 27 పరీక్షలు, 1,251 మంది. ముందు మొదలుపెట్టడం వల్ల నిలిచిన లాభం అందులో ఒకటే కనిపించింది. కిందపడి ముందరి పండ్లు విరగ్గొట్టుకోవడం తగ్గింది. ఆగిన పిల్లల్లో నూటికి 29 మందికి ముందరి పంటికి కొత్త దెబ్బ తగిలితే, ముందుగా ఫంక్షనల్ పరికరం పెట్టుకున్నవాళ్లలో 20 మందికి తగిలింది.

ఈ అంకెను విడమరిచి చూద్దాం. ఎత్తుపండ్లున్న 100 మంది పిల్లలు. అందరూ ఆగితే 29 మందికి పంటి దెబ్బ. అందరికీ ముందే పెడితే 20. తప్పినవి 9. అంటే 11 మందికి ముందుగా వైద్యం చేస్తే ఒకరికి దెబ్బ తప్పుతుంది. మిగతా 10 మందిలో కొందరికి ఎట్లాగూ తగలదు, కొందరికి పరికరం పెట్టినా తగులుతుంది. ఒక దెబ్బ తప్పడానికి 11 మంది ఏడాది పైగా పరికరం పెట్టుకోవడం తగునా? నార్త్ కరోలినా వాళ్లు చూస్తే చాలా దెబ్బలు చిన్నవే, పంటి అంచు పెచ్చు లేవడం లాంటివి. వాటికి వైద్యం ఖర్చు, ముందస్తు క్లిప్పుల ఖర్చు ముందు చిన్నది. ఇది ఆగమనేవాళ్ల వాదం. పెచ్చు లేచిన పన్ను జీవితాంతం ఉంటుంది, పైగా ఆ 29 మందిలో కొందరి పన్ను పూర్తిగా పోవచ్చు, వాళ్ల తల్లిదండ్రులకు సగటుతో పనేముందన్నది రెండో వాదం. రెండూ ఒకే అంకెను చదివి చెప్పినవే.

మూడో మాట ఒకటి ఉంది, పత్రాల్లో దానికి దక్కాల్సినంత చోటు దక్కలేదని నాకనిపిస్తుంది. ఆత్మవిశ్వాసంలో తేడా చివరికి మాయమైంది, నిజమే. కానీ బడిలో "ఎత్తుపండ్లదానా" అని పిలిపించుకునే పిల్లకు 9 నుంచి 13 ఏండ్ల దాకా నాలుగేండ్లంటే చిన్న కాలమా? 15 ఏండ్ల దగ్గర కొలిచిన అంకెకు మధ్యలో గడిచిన రోజులు కనిపించవు. ఈ కారణంతో ముందే మొదలుపెట్టించే కుటుంబాన్ని పరిశోధనకు ఎదురు పోయిందనలేం. పరిశోధన జవాబిచ్చిన ప్రశ్న వేరు, వాళ్లు అడిగింది వేరు.

కింది దవడ ముందుకొస్తే లెక్క తిరగబడుతుంది

ఆగితే పోయేదేమీ లేదన్నది అన్ని నోళ్లకూ వర్తించదు. కింది పండ్లు పై పండ్ల కంటే ముందుకొచ్చే పిల్లల సంగతి చూడండి. 7 నుంచి 9 ఏండ్ల మధ్య 73 మంది మీద బ్రిటన్‌లో పరీక్ష జరిగింది. ముఖానికి తగిలించుకుని పై దవడను ముందుకు లాగే ఫేస్‌మాస్క్ కొందరికి ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. ఆరేండ్ల తర్వాత, పెద్దయినాక దవడ ఆపరేషన్ అవసరం పడేవాళ్లు ఎందరని చూస్తే, మాస్క్ పెట్టుకున్నవాళ్లలో 36 శాతం, పెట్టుకోనివాళ్లలో 66 శాతం. చిన్న పరీక్షే, అయినా తేడా పెద్దది. ఇక్కడ 12 ఏండ్లు రానియ్యడం మంచి సలహా కాకపోవచ్చు. "ఏ వయసులో" అన్న ప్రశ్నకు "ఏ రకం వంకర" అన్నది తేలకుండా జవాబు లేదు.

పన్ను పీకడం మీద వందేండ్ల తగవు

పన్ను పీకాలనగానే మన ఇండ్లలో మొదట వచ్చే భయం కండ్లు పోతాయని. పైపన్ను పీకితే చూపు మందగిస్తుందని మా అమ్మమ్మ బతికున్నన్ని రోజులూ నమ్మింది. పండ్లకు పోయే నరం వేరు, చూపు మోసే నరం వేరు. అది అక్కడితో వదిలేద్దాం.

డాక్టర్ల తగవు ఇంకోటి. ఈ శాఖకు తండ్రి అనిపించుకున్న అమెరికన్ ఎడ్వర్డ్ యాంగిల్, దేవుడు ఇచ్చిన పండ్లన్నీ నోట్లో పట్టాల్సిందేనన్నాడు. కాల్విన్ కేస్ అనే డాక్టరు 1911లో ఆయన పక్షంతో బాహాటంగా తలపడ్డాడు. యాంగిల్ శిష్యుడే అయిన చార్లెస్ ట్వీడ్, తాను పీకకుండా సరిచేసిన పండ్లు మళ్లీ వంకరపోవడం చూసి, అదే మనుషులకు ఈసారి పండ్లు పీకి మళ్లీ వైద్యం చేశాడు. లోలకం అటు ఊగింది. 1987లో మిషిగన్‌లో, పీకి క్లిప్పులు పెట్టినందుకే దవడ కీలు నొప్పి వచ్చిందన్న అమ్మాయికి జ్యూరీ 8,50,000 డాలర్లు ఇప్పించింది. లోలకం మళ్లీ ఇటు. ఆ తీర్పు భయంతోనే దవడ కీలు మీద పరిశోధనలు వరసగా వచ్చాయి. క్లిప్పుల వైద్యం, పీకినా పీకకున్నా, ఆ నొప్పిని పెంచుతుందని వాటిలో తేలలేదు. తగ్గిస్తుందని కూడా తేలలేదు.

ఇప్పుడు కొత్తగా తిరుగుతున్న భయం, పండ్లు పీకితే నోరు ఇరుకై నిద్రలో ఊపిరి ఆడదని. 2015లో అమెరికాలో దాదాపు 5,500 మంది వైద్య రికార్డులు చూశారు. సగం మందికి నాలుగు చిన్న దవడపండ్లు లేవు, సగం మందికి ఉన్నాయి. నిద్రలో శ్వాస ఆగే జబ్బు రెండు గుంపుల్లో సుమారు ఒకేలా ఉంది. ఇది చీటీ పరీక్ష కాదు కాబట్టి దాని బరువు దానికే ఉంది. అయినా భయం వైపు మొగ్గే సాక్ష్యం అందులో లేదు.

తొందరగా అయిపోతుందనే మాట

బోర్డుల మీద ఎక్కువగా అమ్ముడుపోయే మాట ఇదే. తీగను రబ్బరుతో కట్టకుండా చిన్న తలుపులాంటి మూతతో పట్టే బ్రాకెట్లు వచ్చాయి. రాపిడి తక్కువ, అందుకే వేగం ఎక్కువ అన్నారు. 2010లో అధ్యయనాలను జల్లెడ పట్టిన సమీక్షకు దొరికిన లాభాలు రెండు: డాక్టరు తీగ మార్చేటప్పుడు వరుసకు దాదాపు 20 సెకండ్లు మిగలడం, కింది ముందరి పండ్లు ఒకటిన్నర డిగ్రీ తక్కువ ముందుకు వాలడం. మొత్తం వైద్యకాలం తగ్గినట్టు గట్టి పరీక్షల్లో కనిపించలేదు. రోజూ నోట్లో పెట్టుకునే వణుకు యంత్రాన్ని 81 మంది మీద చూశారు. కొందరికి వణికేది, కొందరికి అచ్చం అట్లాంటిదే కానీ వణకనిది, కొందరికి ఏదీ లేదు. పండ్లు మూడు గుంపుల్లోనూ ఒకే వేగంతో జరిగాయి.

అలైనర్ల సంగతి ఇంకొంచెం లోతుగా చూడాలి, ఎందుకంటే అక్కడ పరికరం కంటే కంప్యూటర్ బొమ్మ ఎక్కువ మాట్లాడుతుంది. క్లినిక్‌లో తెర మీద పండ్లు ఒక్కోటి జరిగి వరుసలో నిలబడే వీడియో చూపిస్తారు. చూస్తే ముచ్చటేస్తుంది. ఆ బొమ్మ చెప్పిన కదలికలో అసలు నోట్లో ఎంత జరిగిందని 2009లో కొలిస్తే సగటున 41 శాతం. ప్లాస్టిక్ మారి, పద్ధతి మెరుగై, 2020లో మళ్లీ కొలిస్తే 50 శాతం. తెర మీద 2 మిల్లీమీటర్లు జరిగిన పన్ను నోట్లో ఒకటే జరిగిందనుకోండి. అప్పుడు మళ్లీ అచ్చు తీసి ఇంకో దఫా తొడుగులు చేయిస్తారు, దాన్నే రిఫైన్‌మెంట్ అంటారు. దీన్నిబట్టి అలైనర్లు పనిచేయవనుకోవడం కూడా తప్పే. కొద్దిపాటి ఇరుకు, సందులు వాటితో బాగానే సర్దుకుంటాయి. పంటిని కిందికి లాగడం, గుండ్రటి పంటిని తిప్పడం వాటికి కష్టం. రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకుంటేనే ఈ లెక్కలు. తినేటప్పుడు తీసి జేబులో పెట్టి మరిచిపోయేవాళ్ల లెక్క వేరే ఉంటుంది.

వేగం గురించి పత్రాల్లో చప్పగా రాసే సంగతి ఒకటుంది. బ్రాకెట్లు ఊడటం, రావాల్సిన రోజు రాకపోవడం వైద్యాన్ని సాగదీస్తాయి. మన దగ్గర దాని అర్థం సంక్రాంతి. పోయిన ఏడు మా పక్కింటి పిల్లగాడు నాలుగు సకినాలు నమిలి రెండు బ్రాకెట్లు ఊడగొట్టుకున్నాడు. వాళ్లమ్మ సకినాల డబ్బాను సజ్జ మీదికి ఎక్కించింది. వాడు స్టూలేసుకుని మూడోది కూడా ఊడగొట్టుకున్నాడు.

క్లిప్పులు తీసినాక

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్, ఆయన తోటివాళ్లు చేసిన పని ఈ రంగంలో అందరూ తలుచుకునేది. చిన్న దవడపండ్లు పీకించుకుని వైద్యం పూర్తిచేసుకున్న 65 మందిని, రిటైనర్లు మానేసిన పదేండ్ల తర్వాత పిలిచి చూశారు. కింది ముందరి పండ్లు మెచ్చుకునేటట్టు నిలిచినవి మూడో వంతు మందికి కూడా లేవు. 20 ఏండ్ల దగ్గర కొందరిని మళ్లీ చూస్తే నూటికి పది మందికే బాగున్నాయి. ఎవరి పండ్లు నిలుస్తాయో, ఎవరివి వంకరపోతాయో ముందే చెప్పే గుర్తు కూడా ఏదీ దొరకలేదు.

అయితే క్లిప్పులు వృథా అయినట్టేనా? విడిచిపెట్టిన సాళ్లను ఇక్కడ కూడా చూడాలి. అదే బృందం, ఎన్నడూ క్లిప్పులు పెట్టించుకోని, పుట్టుకతోనే మంచి వరుస ఉన్నవాళ్లను కూడా ఏండ్ల తరబడి గమనించింది. వాళ్ల కింది పండ్లు కూడా వయసుతోపాటు కొంచెం కొంచెం ఇరుకవుతూ పోయాయి. అంటే మళ్లీ వంకరపోవడమని మనం తిట్టుకునేదాంట్లో ఒక వాటా వైద్యం ఓడిపోవడం, ఇంకో వాటా నోరు ముసలిదవడం. తీసినాక చాలా ఏండ్లు రాత్రిపూట రిటైనర్ పెట్టుకోమని డాక్టర్లు ఇప్పుడు చెప్పడానికి కారణం ఇదే. ఏ రకం రిటైనర్ మంచిదన్నదాని మీద 2023లో వచ్చిన కోక్రేన్ సమీక్ష 47 అధ్యయనాలు తిరగేసింది. ఒకటి ఇంకోదాని కంటే ఖాయంగా మేలని చెప్పగలిగే బలం వాటికి లేదు.

ముందరి పండ్లను జ్ఞానదంతం వెనకనుంచి నెట్టి వంకర చేస్తుందని చాలామందికి గట్టి నమ్మకం. బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో చీటీ పద్ధతిలో కొందరికి జ్ఞానదంతాలు పీకి, కొందరికి వదిలేసి ఐదేండ్ల తర్వాత చూశారు. లెక్కలోకి తీసుకునేంత తేడా రాలేదు. 164 మందితో మొదలైన పరీక్షలో చివరికి తిరిగొచ్చినవాళ్లు 77 మందే అన్నది కూడా గుర్తుంచుకోవాలి. 1998లో దాన్ని ప్రచురించినవాళ్లు, వంకర ఆపడానికని జ్ఞానదంతం పీకడం తగదని రాశారు.

పుచ్చు, చిగుళ్లు, మనసు

పండ్లు వరుసగా ఉంటే తోముకోవడం సులువు, అందుకే పుచ్చు పట్టవు, చిగుళ్లు గట్టిగా ఉంటాయి. ఈ వాదం మీద నిలబడే సాక్ష్యం బలహీనం. చిగుళ్ల మీద 2008లో వచ్చిన ఒక సమీక్షలో, క్లిప్పులు పెట్టించుకున్నవాళ్ల చిగుళ్లు రవ్వంత తక్కువ బాగున్నట్టే తేలింది. తేడా మిల్లీమీటరులో పావు వంతుకు లోపే, పట్టించుకునేంత కాదు. లాభం మాత్రం కనిపించలేదు. నష్టాల్లో అందరికీ కనిపించేది బ్రాకెట్ చుట్టూ సరిగా తోమకపోతే వచ్చే తెల్ల మచ్చలు. 1982 నాటి ఒక అధ్యయనంలో క్లిప్పులు పెట్టించుకున్నవాళ్లలో సుమారు సగం మందికి ఒక్క పంటి మీదైనా మచ్చ ఉంది. పెట్టించుకోనివాళ్లలో 24 శాతం మందికి ఉంది. అంటే సగంలో సగం ఎట్లాగూ ఉండేవే.

మనసు సంగతి ఇంకా చిక్కు. వేల్స్‌లోని కార్డిఫ్‌లో 1981లో 11 ఏండ్ల వయసున్న 1,018 మంది పిల్లలతో మొదలుపెట్టి, 2001లో వాళ్లకు 31 ఏండ్లు వచ్చినాక మళ్లీ వెతికితే 337 మంది దొరికారు. చిన్నప్పుడు క్లిప్పులు పెట్టించుకోవడం పెద్దయినాక మానసిక ఆరోగ్యంలో పెద్ద తేడా ఏమీ తేలేదు. ఇంకోవైపు, 18 ఏండ్ల లోపు చేయించుకున్నవాళ్ల మీద 2017లో వచ్చిన సమీక్షలో నవ్వడం, నలుగురిలో కలవడం, నోటి గురించి దిగులు పడకపోవడం లాంటివి ఒక మోస్తరు మెరుగయ్యాయని ఉంది. రెండూ పొసగవనిపిస్తుంది గానీ, కొలిచినవి వేరు. మొదటిది బతుకంతటి సంతోషాన్ని అడిగింది, రెండోది నోటి గురించి అడిగింది. పెండ్లి ఫొటోలో పెదాలు బిగించుకుని నిలబడాల్సిన అవసరం తప్పడం పెద్ద సంగతే. దాంతో బతుకంతా మారాలని క్లిప్పులను అడగడం ఎక్కువే.

ఇవన్నీ అక్కకు ఫోన్‌లో ఇట్లా చెప్పలేదు. 29, 20 అంకెలు మాత్రం చెప్పిన. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఇది పడకుంట చూసుకుంటె సగం పని అయినట్టేనా?" అంది. పిల్ల బడిలో కొత్తగా ఖో-ఖోలో చేరింది. మొన్న ఆదివారం అక్క మళ్లీ కాజీపేట డాక్టరమ్మ దగ్గరికి పోయి, ఆటాడేటప్పుడు పండ్లకు తొడుక్కునే రబ్బరు గార్డు కోసం అచ్చు తీయించింది. ఆ అచ్చు పట్టేటప్పుడు పిల్లకు రెండుసార్లు వాంతి వచ్చినట్టయిందట. క్లిప్పుల మాట జూన్‌లో మళ్లీ చూస్తారట.